కునుకు ఎవరి నేరం?



ఫుల్ నైటు షిఫ్టు. తెల్లవారుజామున నాలుగు గంటలు. రింగ్ ఫ్రేము పక్కన ఒక కార్మికుడి తల వాలుతుంది. సూపర్‌వైజరు టార్చి వేస్తాడు. మరునాడు చార్జిషీటు: డ్యూటీలో నిద్ర, నిర్లక్ష్యం, క్రమశిక్షణారాహిత్యం. ఈ కాగితం ఎరగని మిల్లు మన ప్రాంతంలో ఉందా? యాజమాన్యాల దృష్టిలో ఆ కునుకు సోమరితనం. మేము అడిగేది ఒకటే: ఆ కునుకును తయారుచేసిన షిఫ్టు బోర్డు మీద చార్జిషీటు ఎవరిస్తారు?

ముందు మన తిరువళ్ళూరు పేరు సంగతి చూడండి. వీరరాఘవస్వామి కోవెలలో దేవుడు పడుకునే ఉంటాడు. స్థలపురాణం ఊళ్ళో అందరికీ తెలిసిందే. ముసలివాడి రూపంలో వచ్చిన స్వామి శాలిహోత్ర మహర్షి పెట్టిన అన్నం తిని, అలసటగా ఉంది, పడుకోవడానికి చోటేది అని అడిగాడట. 'ఎవ్వుళ్' అన్న ఆ అరవ మాట మీదే ఊరికి తిరు ఎవ్వుళూరు అని పేరు వచ్చిందంటారు. అన్నం తిని పడక అడిగిన దేవుడికి కోవెల కట్టారు. ఎనిమిది గంటలు నిలబడినవాడు అడిగితే మెమో చేతికిస్తారు!

ఇక తిరుత్తణి. 1888లో అక్కడి తెలుగు ఇంట పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1953లో ముఖ్య ఉపనిషత్తులకు ఇంగ్లీషు అనువాదం, వ్యాఖ్య ప్రచురించారు. అందులో మాండూక్యం ఉంది. మెలకువ, కల, గాఢనిద్ర, ఆపైన తురీయం అని అది మనిషికి నాలుగు అవస్థలు చెబుతుంది. తురీయం సంగతి పండితులు చూసుకుంటారు. మనకు మొదటి మూడూ సరిగా దక్కితే చాలు. ఫుల్ నైటు చేసేవాడికి మూడూ అరకొరే.

ఇది మా మాట మాత్రమే అనుకోవద్దు. అదే 1953లో అమెరికాలో చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు, నిద్రలో రెప్పల కింద కళ్ళు వేగంగా కదిలే దశ ఒకటి ఉందనీ, అప్పుడు లేపితే మనుషులు తరచుగా కలలు చెబుతారనీ ప్రకటించారు. నిద్ర సుమారు తొంభై నిమిషాలకొక చుట్టు చొప్పున సాగుతుంది. మొదటి చుట్లలో గాఢనిద్ర ఎక్కువ, చివరి చుట్లలో కలలు ఎక్కువ. నిద్రను మధ్యలో తుంచితే ముందు పోయేది కలల భాగమే.

పొద్దున ఆరింటికి షిఫ్టు దిగి, రైలు పట్టుకుని, తిరుత్తణి చేరి, రేకుల ఇంట్లో ఎనిమిదిన్నరకు నడుము వాల్చినవాడిని తలుచుకోండి. పైన ఎండ, పక్కింట్లో మరమగ్గం, వీధిలో నీళ్ళ లారీ. నాలుగైదు గంటలు కన్ను మూతపడితే గొప్ప. "అలవాటైపోతుంది లెండి" అంటారు ఆఫీసు గదిలో ఫ్యాను కింద కూర్చున్నవాళ్ళు. ఆ క్లైట్‌మనే 1938లో ఒక కుర్ర సహచరుడితో మామత్ గుహలో 32 రోజులు ఉండి, 28 గంటలకొక రోజు చొప్పున బతికి చూశాడు. కుర్రవాడు సర్దుకున్నాడు. 43 ఏళ్ళ క్లైట్‌మన్ ఒంటి వేడి మాత్రం 24 గంటల లెక్క వదల్లేదు. అదీ ఎండా చప్పుడూ లేని గుహలో! కుర్రవాడు తట్టుకున్నాడు గనుక నలభై దాటినవాడూ తట్టుకోవాలన్నది మిల్లు న్యాయం. ఒంట్లో ఆ గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టిన ముగ్గురికి 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒంటి వేడి బాగా పడిపోయేది తెల్లవారుజామునే. టార్చి తిరిగేదీ అప్పుడే.

శ్రద్ధ లేదంటారు. 1948లో ఇంగ్లండులో మాక్‌వర్త్ అనే పరిశోధకుడు సైనిక యువకులను ఒక డయలు ముందు కూర్చోబెట్టి, ముల్లు ఎప్పుడైనా రెండు గంతులు వేస్తే చెప్పమన్నాడు. అరగంట దాటేసరికే తప్పిపోయేవి పెరిగాయి. మరి వందల కదుళ్ళలో ఏ దారం తెగిందో రాత్రంతా చూసే కన్ను మాటేమిటి?

కోర్టులూ చూశాము. పూణే దగ్గర ఒక కర్మాగారంలో 1983లో ఇనుప పలక మీద నిద్రపోయాడని ఒక కార్మికుణ్ణి తీసేశారు. పాత తప్పులూ చూపారు. లేబర్ కోర్టు శిక్ష ఎక్కువన్నది. 2005లో సుప్రీంకోర్టు తొలగింపు సరైనదేనన్నది. అదే సుప్రీంకోర్టు 2012లో రామ్‌లీలా మైదానం కేసులో, నిద్ర మనిషి ప్రాథమిక హక్కు అన్నది. మైదానంలో హక్కు, మిల్లులో నేరం!

2023 ఏప్రిల్ 21న తమిళనాడు శాసనసభలో రోజుకు 12 గంటల పనికి దారి తీసే బిల్లు నెగ్గింది. సంఘాలన్నీ లేచాయి. మే ఒకటిన వెనక్కి తీసుకున్నామన్నారు. సింగారవేలర్ మద్రాసులో మే డే జెండా ఎత్తిన 1923కు అది సరిగ్గా నూరేళ్ళు. అయితే ఊపిరి పీల్చుకోకండి. 1948 ఫ్యాక్టరీల చట్టం స్థానంలో 2025 నవంబరు 21న వచ్చిన కోడ్ ఎనిమిది గంటలే అంటుంది గానీ, విరామాలతో కలిపి మనిషిని ఎన్ని గంటలు గేటు లోపల ఉంచవచ్చో ప్రభుత్వ నోటిఫికేషనుకు వదిలేసింది.

అమ్మయార్‌కుప్పం, పొదటూరుపేట మరమగ్గాల వాళ్ళకు చార్జిషీటు రాదు. మీటరు కూలి గనుక కునుకు తీస్తే కూలే పోతుంది. వాళ్ళకు ఆకలే సూపర్‌వైజరు.

పాత చట్టంలో 66వ సెక్షను, వారం సెలవో మరో సెలవో గడిస్తే తప్ప ఆడవాళ్ళకు షిఫ్టు మార్చరాదన్నది. అది మగవాళ్ళకూ వర్తించాలి. ఫుల్ నైటులో ఇరవై నిమిషాల కునుకు, పడుకోవడానికి ఒక గది, ఆ సమయానికీ జీతం కావాలి. కొన్ని దేశాల్లో విమానం నడిపేవాళ్ళకే వంతులవారీ కునుకు ఒప్పుకుంటున్నారు. మన ఫ్రేము ఆకాశంలో ఏమీ ఎగరదు.

చార్జిషీటు వస్తే తప్పయిందని రాసివ్వకండి. గత నెల షిఫ్టు చార్టు, ఓవర్‌టైము రిజిస్టరు నకళ్ళు రాతపూర్వకంగా అడగండి. రెండు షిఫ్టుల మధ్య ఎన్ని గంటలు దొరికాయో, అందులో రైలుకెంత పోయిందో లెక్క వేసి, గడువులోగా యూనియన్ ఆఫీసుకు పట్టుకురండి. జవాబు కలిసి రాద్దాం.