మేడపై మరో అంతస్తు: స్వీయ ధ్రువీకరణ కాలంలో ఇంటి యజమాని ముందున్న ప్రశ్నలు

తెలుగు పట్టణాలలో మధ్యతరగతి ఇల్లు ఒకేసారి పూర్తి కావడం అరుదు. మొదట రెండు గదులు, పిల్లలు ఎదిగాక వెనుక వైపు మరొకటి, కుమారుడి వివాహం నాటికి పైన ఒక పోర్షను, ఉద్యోగ విరమణ తరువాత అద్దె ఆదాయం కోసం ఇంకో అంతస్తు. స్లాబు వేసిన నాడే స్తంభాల ఇనుప చువ్వలను పైకి వదిలిపెట్టడంలోనే ఈ ఆలోచన కనిపిస్తుంది. తొలి ఇంటికి పురపాలక అనుమతి తీసుకున్నవారు సైతం తరువాతి చేర్పులను తమ గడప లోపలి వ్యవహారంగా భావించడం కద్దు. చట్టం మాత్రం అలా భావించడం లేదు.

హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం 1955లోనిది. కొత్త భవనం కట్టదలచినవారు ఇవ్వవలసిన నోటీసును గురించి 428వ సెక్షను, ఉన్న భవనానికి చేసే చేర్పులు, మార్పులను గురించి 433వ సెక్షను చెబుతాయి. అంటే ఏడు దశాబ్దాలుగా అదనపు గది కూడా అనుమతి పరిధిలోనిదే. సున్నం, గిలాబు, నేల పరచడం, చిన్న మరమ్మతుల వంటి పనులకు అనుమతి అవసరం లేదని కేంద్రం 2016లో విడుదల చేసిన నమూనా భవన నిబంధనలు పేర్కొంటున్నాయి. గోడలు, కప్పు, ఎత్తు, చుట్టూ వదలవలసిన ఖాళీ స్థలం మారితే మాత్రం అది మరమ్మతు కాదు, నిర్మాణమే.

నమ్మకంపై నిలిచిన విధానం

అనుమతుల జాప్యం, కార్యాలయాల చుట్టూ ప్రదక్షిణలు, మధ్యవర్తుల ప్రమేయం ప్రజలను విసిగించిన మాట వాస్తవం. దీనికి పరిష్కారంగా రాష్ట్రాలు స్వీయ ధ్రువీకరణ బాట పట్టాయి. తెలంగాణ 2020లో ప్రత్యేక చట్టం చేసి, అదే ఏడాది నవంబరులో టీఎస్-బీపాస్‌ను ప్రారంభించింది. దాని ప్రకారం 75 చదరపు గజాల లోపు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తుకు మించని ఇంటికి అనుమతి అక్కరలేదు. ఒక్క రూపాయి రుసుముతో నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో పది మీటర్ల ఎత్తు వరకు యజమాని ఇచ్చే ధ్రువీకరణపైనే తక్షణ అనుమతి లభిస్తుంది. అంతకు మించిన వాటికి 21 రోజుల గడువు ఉంది.

తమిళనాడు 2024 జులైలో ఇదే మార్గంలో నడిచింది. 2,500 చదరపు అడుగుల లోపు స్థలంలో 3,500 చదరపు అడుగుల లోపు నిర్మించే ఇళ్లకు స్వీయ ధ్రువీకరణపై వెనువెంటనే అనుమతి ఇచ్చే పద్ధతిని ప్రవేశపెట్టింది.

ఈ విధానం మేలు చేసేదే. అయితే అధికారి ముందుగా పరిశీలించి సంతకం చేసిన కాలంలో పొరపాటు బరువును కొంత ఆ కార్యాలయమూ మోసేది. ఇప్పుడు ఆ భారమంతా యజమాని భుజాలపైకి వచ్చింది. వాస్తవ విరుద్ధమైన ధ్రువీకరణ ఇచ్చినా, ప్లానును అతిక్రమించినా ముందస్తు నోటీసు లేకుండానే కూల్చివేసే అధికారాన్ని తెలంగాణ చట్టం యంత్రాంగానికి ఇచ్చింది.

పాత ఇల్లు, కొత్త అంతస్తు

ఖాళీ స్థలంలో కొత్తగా కట్టేవారికి ఈ పద్ధతి సులభం. చిక్కు పాత ఇళ్ల వద్ద వస్తుంది. ఇరవై ఏళ్ల క్రితం కట్టిన ఇంటిలో పక్క గోడ అనుమతించిన ప్లాను కంటే రెండు అడుగులు ముందుకు జరిగి ఉండవచ్చు. మెట్లు ఖాళీ స్థలంలోకి వచ్చి ఉండవచ్చు. అప్పట్లో దానిని ఎవరూ ప్రశ్నించలేదు. ఇప్పుడు పై అంతస్తుకు దరఖాస్తు చేస్తే కింది అంతస్తు సక్రమమా అన్న ప్రశ్న ముందుకు వస్తుంది. నిజం చెబితే అనుమతి ఆగవచ్చు. దాచితే అది తప్పుడు ధ్రువీకరణ అవుతుంది. చట్టానికి కట్టుబడాలనుకునే యజమానే ఈ ఇరకాటంలో ముందుగా చిక్కుకుంటాడు.

ఇంతకాలం ఇలాంటి కుటుంబాలకు క్రమబద్ధీకరణ పథకాలే ఆశగా నిలిచాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2007 చివర అలాంటి పథకం వచ్చింది. రాష్ట్ర విభజన తరువాత 2015లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ తమ తమ పథకాలను ప్రకటించాయి. ఆంధ్రప్రదేశ్ 2019లో మరోసారి అవకాశం ఇచ్చింది. ప్రతి పథకమూ ఇదే చివరి అవకాశం అన్న భావనతో వచ్చినా, ఆచరణలో మరొక పథకం వస్తుందన్న నమ్మకాన్నే పెంచింది. ముందు కట్టి తరువాత రుసుము చెల్లించవచ్చు అన్న ఆలోచన అలా వేళ్లూనుకుంది.

ఆ నమ్మకాన్ని సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 17న గట్టిగా కదిలించింది. మీరట్‌కు చెందిన ఒక వివాదంలో తీర్పునిస్తూ, కాలం గడిచిందనో, డబ్బు ఖర్చయిందనో, అధికారులు పట్టించుకోలేదనో అక్రమ నిర్మాణాన్ని సక్రమం చేయడం కుదరదని స్పష్టం చేసింది. క్రమబద్ధీకరణ పథకాలు అసాధారణ పరిస్థితులలో, సమగ్ర సర్వే తరువాత, నివాస గృహాలకు ఒక్కసారి మాత్రమే ఉండాలని పేర్కొంది. విద్యుత్తు, నీటి కనెక్షన్లు, బ్యాంకు రుణాలు భవన పూర్తి ధ్రువపత్రాన్ని పరిశీలించాకే ఇవ్వాలని ఆదేశించింది. బాధ్యులైన అధికారులపైనా శాఖాపరమైన చర్యలు ఉండాలన్నది. అంటే అనుమతి లేని అంతస్తు ఇక కూల్చివేత భయానికే పరిమితం కాదు. ఆ ఇంటిని తనఖా పెట్టేటప్పుడు, కొత్త మీటరు కోరేటప్పుడు కూడా అది అడ్డు నిలుస్తుంది.

అదే ఏడాది నవంబరు 13న సుప్రీంకోర్టు మరో ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. కూల్చివేతకు ముందు కనీసం 15 రోజుల నోటీసు, యజమాని వాదన వినడం, కారణాలతో కూడిన ఉత్తర్వు తప్పనిసరి అని నిర్దేశించింది. రహదారులు, కాలిబాటలు, రైలు మార్గాలు, నదులు, జలాశయాలను ఆక్రమించిన కట్టడాలకు, న్యాయస్థానం ఆదేశించిన సందర్భాలకు మినహాయింపు ఇచ్చింది. నోటీసు లేని కూల్చివేతను అనుమతించే రాష్ట్ర చట్టానికీ, నోటీసు తప్పనిసరి అన్న ఈ సూత్రానికీ మధ్య ఉన్న వైరుధ్యాన్ని ప్రభుత్వాలే స్పష్టమైన ఉత్తర్వులతో తొలగించవలసి ఉంది. లేకుంటే ప్రతి వివాదమూ హైకోర్టు గడప ఎక్కుతుంది.

నిబంధన వెనుక ప్రాణాలు

ఈ నిబంధనలను కేవలం కాగితాల తతంగంగా చూడడం ప్రమాదకరం. 2025 మార్చి 26న భద్రాచలంలో నిర్మాణంలో ఉన్న బహుళ అంతస్తుల భవనం కుప్పకూలి పనివారు ప్రాణాలు కోల్పోయారు. పాత కట్టడంపైనే అదనపు అంతస్తులు లేపారన్న ఆరోపణలు అప్పుడు వెలువడ్డాయి. రెండు అంతస్తులకు వేసిన పునాది నాలుగింటి బరువును మోయలేదు. గోడకూ గోడకూ మధ్య గాలి, వెలుతురు, అగ్నిమాపక సిబ్బంది వెళ్లే దారి ఉండాలన్నది కూడా పొరుగువారి హక్కే.

ఇంగ్లండ్ ఈ సమస్యను వేరొక విధంగా పరిష్కరించుకుంది. అక్కడ చిన్న చేర్పులకు చట్టమే ముందస్తు అనుమతి ఇస్తుంది. వేరే ఇంటిని ఆనుకొని ఉన్న ఇంటికి వెనుక వైపు మూడు మీటర్లు, విడి ఇంటికి నాలుగు మీటర్ల వరకు ఒక అంతస్తు చేర్పును ప్రత్యేక దరఖాస్తు లేకుండానే కట్టుకోవచ్చు. ఆరు, ఎనిమిది మీటర్ల వరకు వెళ్లాలంటే పొరుగువారి అభ్యంతరాలను స్థానిక సంస్థ ముందుగా తెలుసుకుంటుంది. కట్టినది చట్టబద్ధమేనన్న ధ్రువపత్రాన్ని కూడా యజమాని కోరి పొందవచ్చు. మన ఇరుకు వీధులకు ఆ కొలతలు సరిపోవు. కానీ ఏది చేయవచ్చో, ఏది చేయరాదో సామాన్యుడికి ముందే తెలియడం అనుసరించదగినదే.

తెలుగు రాష్ట్రాలకు ఇప్పుడు కావలసినది అదే స్పష్టత. పాత ఇంటిపై చేర్పులకు ప్రత్యేకమైన, సులభ భాషలో రాసిన జాబితా ఉండాలి. ప్రమాదం లేని పాత స్వల్ప అతిక్రమణను దాచకుండా వెల్లడించే మార్గం ఉండాలి. పునాది బలాన్ని నిర్మాణ ఇంజినీరు పరీక్షించడం పై అంతస్తుకు తప్పనిసరి షరతు కావాలి. ప్రజలను నమ్మి అనుమతి ఇచ్చే ప్రభుత్వం, ఆ నమ్మకాన్ని నిలుపుకోవడానికి కావలసిన సమాచారాన్ని కూడా వారికి ఇవ్వవలసి ఉంటుంది. ఇటు యజమాని కూడా మేస్త్రీని పిలవడానికి ముందే తన పాత ప్లానును బయటకు తీసి చూసుకోవడం మేలు. జీవితకాలపు పొదుపు ఆ కాగితంపైనే ఆధారపడి ఉంది.