చిన్న సీ క్యాంపు, పెద్ద సీ క్యాంపు

సంఘం పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, గ్రూపులో ఉండి పండక్కి పువ్వుల బొమ్మ తప్ప ఇంకేమీ పెట్టని తమ్ముళ్లకు కూడా నమస్కారం.

మొన్న ఆదివారం మీటింగులో నవ్వులపాలైన ముగ్గురం మేమే. పెద్దల మాటకు అక్కడికక్కడ ఎదురు చెప్పడం బాగోదని ఊరుకున్నాం. ఇంటికెళ్లాక మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

రాని వాళ్ల కోసం జరిగింది చెబుతాం. శ్మశాన స్థలం గురించి బెంగళూరుకు మళ్లీ పంపాల్సిన ఇంగ్లీషు అర్జీ డ్రాఫ్టు మన చేతికిచ్చారు. అందులో కల్లూరు పేరులో మొదటి అక్షరం చిన్నది. తెలుగు అన్న మాటకూ మొదటి అక్షరం చిన్నదే. మనం పుట్టి పెరిగిన పాత క్యాంపు పేరు కాస్తా తర్జుమా అయిపోయి ‘ఓల్డ్ క్యాంప్’ అయింది, ఆ రెండు మాటలూ చిన్న అక్షరాలతోనే. అదే కాగితంలో ప్రెసిడెంటుకు పెద్ద పీ ఉంది. సెక్రటరీకి పెద్ద ఎస్, ట్రెజరర్‌కు పెద్ద టీ ఉన్నాయి. ఆఖరికి డ్రైనేజీకి కూడా పెద్ద డీ పెట్టారు. మురికి కాలువకు దక్కిన మర్యాద ఊరికి దక్కలేదు.

ఈ మాటే అంటే ఒక బాబాయ్ గారు, “అక్షరం పెద్దదైతే ఊరు పెద్దదవుద్దా?” అన్నారు. హాలంతా నవ్వింది. మాట బాగుంది కాబట్టి మేమూ నవ్వాం. కానీ బాబాయ్, పోయినసారి పంపిన అర్జీకి ఏం జవాబొచ్చిందో గుర్తుందా? ఏ ఆఫీసు నుంచి అన్నది ఇక్కడ రాయం. క్యాంపులో ఉన్న కూలీల సౌకర్యాలు చూడాల్సింది ఆ పని కాంట్రాక్టరేనని, అతణ్ణే అడగమని రాశారు. మనకు కాంట్రాక్టరెవరు? ఆ జవాబు పట్టుకుని నెలల తరబడి అందరం ఆఫీసువాళ్లను తిట్టాం. మన వైపు కాగితం కాపీ తీసి చదివినవాళ్లు ఒక్కరూ లేరు. మేం మొన్న తీసి చదివాం. “కల్లూరు దగ్గరి ఒక పాత క్యాంపులో ఉంటున్న కుటుంబాలం” అని అర్థమొచ్చేలా మనమే రాసుకున్నాం. ముక్కూ మొహం తెలియని గుమాస్తా అది చదివితే ఏమనుకుంటాడు? ఎప్పుడో రోడ్డు పని కోసమో కాలువ పని కోసమో వేసిన రేకుల షెడ్లు, అందులో మిగిలిపోయిన నాలుగు కుటుంబాలు అనుకుంటాడు. అతను ఉన్నదే చదివాడు.

పెద్ద సీ పెట్టి ఉంటే ఈపాటికి శ్మశానానికి ఎకరం వచ్చేసేదని మేం అనడం లేదు. అంత అమాయకులం కాదు. కానీ అది ఊరి పేరు అన్న సంగతి ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఉండాల్సిన చోటు ఆ ఒక్క అక్షరం.

ఇక్కడ కాస్త బడి పాఠం చెప్పుకోవాలి, తప్పదు. మన పిల్లలు కన్నడ వ్యాకరణంలో రూఢనామ, అంకితనామ, అన్వర్థనామ అని చదువుతారు. నది రూఢనామ, తుంగభద్ర అంకితనామ. తెలుగులో చదువుకున్న పెద్దవాళ్లకైతే జాతి నామవాచకం, సంజ్ఞా నామవాచకం అంటే గుర్తొస్తుంది. అంటే ఈ తేడా మనకు ఇంగ్లీషోళ్లు చెబితే తెలిసింది కాదు. మన లిపుల్లో పెద్ద బడి, చిన్న బడి అని రెండు రకాల అక్షరాలు లేవు కాబట్టి ఆ తేడా రాతలో కనబడదు, సందర్భాన్ని బట్టి పట్టుకుంటాం. ఇంగ్లీషు దాన్ని కంటికి చూపిస్తుంది. మనిషి పేరు, ఊరి పేరు, నది పేరు, భాష పేరు, వారం పేరు, నెల పేరు, వీటికి మొదటి అక్షరం పెద్దది. కాలువ అని ఊరికే అంటే చిన్న అక్షరం. తుంగభద్ర ఎడమ గట్టు కాలువ అని దాని పూర్తి పేరు రాస్తే అందులోని ప్రతి మాటకూ పెద్ద అక్షరం, కాలువ అన్న మాటతో సహా. క్యాంపు సంగతీ అంతే. కంటి ఆపరేషన్ల క్యాంపు, రక్తదానం క్యాంపు చిన్న సీ. సాయంత్రానికి టెంటు విప్పేస్తారు. పాత క్యాంపుకు పెద్ద సీ, ఎందుకంటే దాన్ని విప్పేవాడు లేడు.

పదవులకైతే ఆ పెద్ద అక్షరం ఎప్పుడూ అక్కర్లేదు. పేరుకు ముందు చేర్చి రాస్తేనో, సంతకం కింద హోదాగా రాస్తేనో పెద్దది. మా సంఘం ప్రెసిడెంటు ఊళ్లో లేరు అని మామూలుగా రాసేటప్పుడు చిన్న పీ చాలు. అధ్యక్షులవారు కోప్పడకూడదు, ఇది వ్యాకరణం.

సీ అక్షరం గమ్మత్తైనది కూడా. ఏ అక్షరానికి, జీ అక్షరానికి పెద్దదానికీ చిన్నదానికీ ఆకారమే వేరు. సీకి ఆకారం ఒకటే, సైజు మాత్రమే తేడా. చేత్తో రాస్తే మనం ఏది రాశామో మనకే తెలియదు. బహుశా అందుకే ఇన్నేళ్లు ఎవరికీ పట్టలేదు.

ఇంకో పెద్దాయన సలహా: “అయితే మొత్తం క్యాపిటల్స్‌లోనే కొట్టించెయ్యండి, గొడవ వదిలిపోద్ది.” బ్యాంకు ఫారాల్లో అలా రాయమంటారు, నిజమే. అక్కడ ప్రతి గడి పక్కనా ఇది పేరు, ఇది ఊరు అని అచ్చేసి ఉంటుంది కాబట్టి నష్టం లేదు. రెండు పేజీల అర్జీలో అలాంటి గడులు ఉండవు. పెళ్లిలో అందరికీ బాసికం కడితే పెళ్లికొడుకు ఎవరో తెలిసేదెలా?

ఇప్పుడు అసలు సంగతికొస్తాం. 1953లో తుంగభద్ర డ్యాము పూర్తయి నీళ్లు కాలువల్లోకి వచ్చాక మన తాతలు గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి ఇటు వచ్చారు. నల్లరేగడి, ముళ్ల చెట్లు, గుడిసెలు. అప్పటికి అది క్యాంపే, చిన్న సీ క్యాంపే, అందులో అబద్ధం లేదు. రాయచూరు జిల్లా 1956 నవంబర్ 1న హైదరాబాదు రాష్ట్రం నుంచి మైసూరు రాష్ట్రంలోకి వచ్చింది. 1973 నవంబర్ 1న ఆ మైసూరు రాష్ట్రం కర్ణాటక అయింది. రాష్ట్రం పేరు మారింది, మనం క్యాంపులోనే ఉన్నాం. గుడిసెలు పోయి పెంకుటిళ్లు వచ్చాయి, వాటి స్థానంలో డాబాలు వచ్చాయి. రామాలయం కట్టుకున్నాం. మూడు తరాలు ఇక్కడే పుట్టాయి, మొదటి తరం ఇక్కడే పోయింది. వాళ్లను కాలువ గట్టు మీదుగా ఎంత దూరం మోసుకెళ్లామో, వానాకాలంలో ఆ బురదలో ఎలా నడిచామో మీలో చాలామందికి భుజాలకు గుర్తుంటుంది. రూఢనామ అంకితనామ అయింది. ఎప్పుడు అయిందో ఎవరూ ముహూర్తం పెట్టలేదు, కానీ అయింది.

ఇదేమీ మనకే కొత్తగా జరిగింది కాదు. పాళెం అన్నా ఒకప్పుడు దండు దిగిన చోటే. మన తాతలు వదిలొచ్చిన జిల్లాల్లో ఎన్ని ఊళ్ల పేర్ల చివర పాలెం ఉందో లెక్కపెట్టండి. అక్కడెవరైనా తమ ఊరిని తాత్కాలిక విడిది అని తర్జుమా చేసి అర్జీలు పెడుతున్నారా? ఇటు సింధనూరు దగ్గర బెంగాలీ కుటుంబాలుండే ఆర్.హెచ్. క్యాంపులు చూడండి. రిహాబిలిటేషన్ అనే ఆఫీసు మాటలోంచి తీసిన రెండు అక్షరాలవి. కాందిశీకులకు అప్పట్లో తగిలించిన చీటీ అది. ఇప్పుడు అదే వాళ్ల ఊరి పేరు, పెద్ద అక్షరాలతో.

ప్రభుత్వాలు మాత్రం పేరులో అక్షరాన్ని తేలిగ్గా తీసుకుంటాయా? బెంగళూరు పేరు ఇంగ్లీషులో కన్నడిగులు పలికినట్టే ఉండాలని యు.ఆర్. అనంతమూర్తి సూచించింది 2005లో. కేంద్రం ఒప్పుకుని అమల్లోకి వచ్చేసరికి 2014 నవంబర్ 1. దాంతో పాటు మైసూరు, బళ్లారి, బెళగావి, హుబ్బళ్లి, కలబురగి అన్నీ కలిపి 12 నగరాల ఇంగ్లీషు స్పెల్లింగులు మారాయి. తొమ్మిదేళ్లు పట్టింది. స్టేషన్ బోర్డులు, స్టాంపులు, లెటర్‌హెడ్లు మార్చారు. ఆ 12లో రాయచూరు లేదు, అది వేరే గొడవ, మరో పోస్టులో. కానీ ముఖ్యమంత్రి స్థాయిలో తొమ్మిదేళ్లు నడిచిన వ్యవహారం మన మీటింగులో తొమ్మిది సెకన్ల నవ్వుకు సరిపోయింది.

సముద్రాల అవతల కూడా ఇదే పోరాటం జరిగింది. అమెరికాలో నల్లజాతి వారిని అప్పట్లో నీగ్రో అనేవారు, పత్రికలు ఆ మాటను చిన్న ఎన్‌తో వేసేవి. డబ్ల్యూ.ఈ.బీ. డు బోయిస్ 1899లో అచ్చేసిన తన పుస్తకంలో పెద్ద ఎన్ వాడి, ఎందుకు వాడుతున్నాడో కింద చిన్న గమనికలో చెప్పాడు. తర్వాత కూడా అడుగుతూనే వచ్చాడు. న్యూయార్క్ టైమ్స్ 1930లో ఒప్పుకుంది. ఆ మాటే తర్వాత వాడుకలోంచి పోయింది, బ్లాక్ వచ్చింది, మళ్లీ అదే తగువు. అసోసియేటెడ్ ప్రెస్ పెద్ద బీ పెట్టాలని నిర్ణయించింది 2020 జూన్‌లో. అక్షరం పెద్దదైనంత మాత్రాన వాళ్ల కష్టాలు తీరలేదు. కానీ చిన్న అక్షరం అంటే ‘అలాంటి వాళ్లు’, పెద్ద అక్షరం అంటే ‘ఫలానా వాళ్లు’ అన్న సంగతి డు బోయిస్‌కు తెలుసు. మనకూ తెలిసుండాలి. తెలుగు అన్న మాటకు చిన్న టీ పెట్టినప్పుడు మనకు మనమే ‘అలాంటి వాళ్లం’ అయిపోయాం.

ఇప్పుడే ఎందుకింత రగడ అంటారా. 2016లో కర్ణాటక భూసంస్కరణల చట్టానికి సవరణ తెచ్చాక తాండాలు, హట్టులు, హాడులు, కాలనీలు, క్యాంపులు రెవెన్యూ గ్రామాలుగా మారే దారి పడింది. 2023 జనవరిలో మళఖేడ్‌లో తాండాల్లోని 50,000కు పైగా కుటుంబాలకు హక్కు పత్రాలు ఇచ్చారు. మన వంతు ఎప్పుడొచ్చినా, గెజెట్‌లో ఎక్కేది మనం కాగితాల మీద రాస్తూ వచ్చిన పేరే. ఒక కాగితంలో ఓల్డ్ క్యాంప్, ఇంకో దానిలో పాత క్యాంపు, మూడో దానిలో వట్టి కల్లూరు అని ఉంటే అవి మూడూ ఒకే ఊరని నిరూపించుకోవడానికి ఇంకో అర్జీ పెట్టుకోవాలి.

పేరును తర్జుమా చెయ్యకూడదు. ఇది పెద్ద అక్షరం కంటే ముఖ్యం. కల్లూరులో కల్లు అంటే కన్నడంలో రాయి. మన భాషలో అదేమిటో చెప్పక్కర్లేదు, చుట్టాలు ఇప్పటికీ ఎకసెక్కాలాడతారు. అర్థం చూసి తర్జుమా చేస్తే ఒకరు రాళ్ల ఊరు అని రాస్తారు, ఒకరు తాటిచెట్ల కింద కూర్చోబెడతారు. పైగా కల్లూర్లు ఖమ్మం జిల్లాలో ఉంది, కర్నూలు పక్కన ఉంది. అందుకని జిల్లా పేరు కూడా ప్రతిసారీ రాయాల్సిందే. పాత క్యాంపును ఇంగ్లీషులోనూ పాత క్యాంపు అనే రాయాలి. పాతలో త కు వట్టి టీ పెట్టాలా, టీ పక్కన హెచ్ కూడా పెట్టాలా అన్నది తేల్చుకోవాలి. మా ముగ్గురిలోనే దీని మీద రెండు అభిప్రాయాలున్నాయి. హెచ్ లేకపోతే ఉత్తరాది ఆఫీసరు ‘పాట క్యాంపు’ అని చదువుతాడని ఒకరి భయం. ఏదో ఒకటి ఖాయం చేసి సంఘం రిజిస్టర్‌లో రాసేద్దాం. బడి బోర్డు మీద, రామాలయం రసీదు పుస్తకం మీద, పెళ్లి కార్డుల మీద కూడా అదే ఉండాలి.

ఫోన్లో కుర్రాళ్లు అన్నీ చిన్న అక్షరాల్లో కొడతారు కదా అని కూడా ఒకరన్నారు. కొట్టుకోనివ్వండి. లుంగీ కట్టుకుని అరుగు మీద కూర్చుంటే ఎవరూ తప్పుపట్టరు. తహసీల్దారు కచేరికి వెళ్లేటప్పుడు ప్యాంటు తొడుక్కుంటాం కదా.

డ్రాఫ్టు టైపు చేసిన తమ్ముడిని ఎవరూ ఏమీ అనకండి. పగలంతా మిల్లులో పనిచేసి రాత్రి కూర్చుని టైపు చేశాడు. అతనికి బడిలో ఈ పాఠం లండన్‌తో, జాన్‌తో చెప్పారు. లండన్‌కు పెద్ద ఎల్ అతను ఎప్పుడూ మర్చిపోడు. కల్లూరుకు కూడా అదే వర్తిస్తుందని ఏ టీచరూ బోర్డు మీద రాసి చూపించలేదు.

అర్జీ ఇంకా ప్రింటుకు వెళ్లలేదు. వచ్చే ఆదివారం పది గంటలకు మేం దిద్దిన కాపీ తెస్తాం. మొత్తం పద్నాలుగు చోట్ల అక్షరాలు మారాయి, డ్రైనేజీ చిన్నదైంది. సంతకం కింద అధ్యక్షులవారి పెద్ద పీని మాత్రం ముట్టుకోలేదు. శ్మశానం కోసం చూపించే సర్వే నంబరు పహణిలో ఒకసారి సరిచూడాలి, పహణి కాపీ ఉన్నవాళ్లు ఆ రోజు పట్టుకురండి.