ఊడ్చే ముందు ఒక్క మాట

ఇల్లు ఊడ్చడం మంచి అలవాటే. కాని చీపురు పట్టినవారికి ఏది చెత్తో, ఏది కాదో తెలిసి ఉండాలి. చిత్తుకాగితమనుకుని కిరాణా కొట్టు పద్దు పారేసి, నెలాఖరున తల పట్టుకున్నవారు మన పాఠకులలో లేకపోలేదు. ఇప్పుడా చీపురు కంప్యూటరులోకి కూడా వచ్చింది.

మొన్న హనుమకొండలో మా ఎదురింటి సారు ముఖం వేలాడేసుకుని వచ్చారు. ముప్ఫయ్యేళ్లు బడిలో లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి.

"కంప్యూటరు మెల్లగ నడుస్తున్నదని, శుభ్రం చేసే ప్రోగ్రామొకటి పెట్టుకున్ననమ్మా. నాలుగు వందల తప్పులున్నయన్నది. అన్నీ తీసెయ్యమని నొక్కిన. నిన్నటి సంది ఒక్క ఫోటో తెరుచుకుంటలేదు, ప్రింటరు కనపడ్తలేదు" అన్నారు.

రిపేరు కుర్రవాడికి చూపిస్తే, "ఫార్మాట్ కొడితే కొత్తదాని లెక్క అయితది సార్, సాయంత్రం తెచ్చియ్యండి" అన్నాడట.

"మరి ఇచ్చేస్తారా?" అన్నాను.

సారు గొంతు తగ్గించారు. "అండ్ల మా ఇంటామె పాడిన బతుకమ్మ పాటలున్నయమ్మా. ఆమె పోయి యేడాదయింది. ఆ పాటలు ఇంకెక్కడా లెవ్వు."

ఆ మాట విన్నాక కాఫీ చల్లారినా సరేనని లేచి వాళ్లింటికి నడిచాను.

అసలు జరిగిందేమంటే - విండోస్ కంప్యూటరులో రిజిస్ట్రీ అని పెద్ద చిట్టా ఒకటి ఉంటుంది. ఏ ఫైలును ఏ ప్రోగ్రాముతో తెరవాలి, ప్రింటరు ఏది, తెర ఎలా కనపడాలి - ఇటువంటి ఏర్పాట్లన్నీ అందులోనే రాసి ఉంటాయి. 1992లో విండోస్ 3.1తో చిన్నగా మొదలై, విండోస్ 95 నాటికి మహా చిట్టా అయింది. శుభ్రం చేసే ప్రోగ్రాము పాతపద్దు అనుకుని పనికొచ్చే పద్దు కొట్టేస్తే, వస్తువు ఇంట్లోనే ఉంటుంది గాని దాని దగ్గరికి పోయే దారి పోతుంది. సారు పాటలు ఎక్కడికీ పోలేదు. ఫార్మాటు చేస్తే మాత్రం దారితోపాటు పాటలూ పోతాయి!

అందుచేత మొదటి పని, ఆ ప్రోగ్రామును మళ్లీ ముట్టుకోకపోవడం. దాన్ని బాగుచేస్తానంటూ వచ్చే ఇంకో ప్రోగ్రామును అసలే పిలవకూడదు.

రెండోది, పాటలు, ఫోటోలు, కాగితాలు అన్నీ పెన్‌డ్రైవులోకి కాపీ చేసుకోవడం. ఫైలు తెరుచుకోకపోయినా కాపీ అవుతుంది. సారు చేతులు వణుకుతుంటే నేనే చేసిపెట్టాను.

మూడోది, ఊడ్చిన ప్రోగ్రామునే అడగడం. తీసేసేముందు "నకలు దాచమంటారా?" అని చాలా ప్రోగ్రాములు అడుగుతాయి. అవునని ఉంటే, ఆ తేదీతో ఉన్న నకలును తెరిచి ఒప్పుకుంటే పద్దులు తిరిగి చేరుతాయి. మన సారు వద్దన్నారట! తొందర!

నాలుగోది సిస్టమ్ రిస్టోర్. స్టార్ట్ దగ్గర "క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్" అని వెతికి తెరిస్తే, అందులో సిస్టమ్ రిస్టోర్ అనే బటను ఉంటుంది. తప్పు జరగకముందు తేదీని ఎంచుకోవాలి. ఏయే ప్రోగ్రాములు పోతాయో ముందే చూపించమనవచ్చు. లాప్‌టాప్ అయితే చార్జరు పెట్టి ఉంచాలి. పని నడుమ ఆపకూడదు. ఇది ఏర్పాట్లను వెనక్కి తిప్పుతుందే గాని మన ఫోటోల జోలికి, పాటల జోలికి పోదు.

కంప్యూటరు అసలే మొదలు కాకపోతే? విండోస్ లేస్తుండగా పవర్ బటను పది సెకన్లు నొక్కి ఆపాలి. ఇలా రెండు మూడు మార్లు చేస్తే మరమ్మతు తెర వస్తుంది. ట్రబుల్‌షూట్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరిస్తే సిస్టమ్ రిస్టోర్ అక్కడా ఉంటుంది. కొన్ని యంత్రాలు 48 అంకెల బిట్‌లాకర్ తాళం అడుగుతాయి. దాన్ని ముందే రాసి పెట్టుకోవడం మంచిది.

వెనక్కి పోయే తేదీ ఒక్కటీ లేకపోతే, చెడిన ప్రోగ్రామునూ, ప్రింటరునూ మళ్లీ పెట్టి చూడాలి. అదీ కాకపోతే "రీసెట్ దిస్ పీసీ"లో "కీప్ మై ఫైల్స్" అన్నది ఎంచుకోవాలి. ప్రోగ్రాములు పోతాయి గాని సొంత ఫైళ్లు నిలుస్తాయి. ఫార్మాటు వీటన్నిటికీ తర్వాతి మాట.

మన వేయిస్తంభాల గుడినే చూడండి. అక్కడి కల్యాణమండపాన్ని 2006లో విప్పారు. రాళ్లకు అంకెలు వేసి విప్పారు గనుకనే, ఏళ్లు పట్టినా మళ్లీ నిలబెట్టగలిగారు. 2024 మార్చిలో తెరిచారు. అంకె వేయకుండా విప్పితే మిగిలేది రాళ్ల కుప్పే. రిస్టోర్ పాయింటు కూడా అటువంటి అంకె వేయడమే.

సారు యంత్రంలో విండోస్ అప్‌డేటు వచ్చిన రోజు పాయింటు ఒకటి ఉంది. అది సారు అదృష్టం. చాలా యంత్రాల్లో ఈ కాపలా కట్టేసే ఉంటుంది. ఇవాళే "సిస్టమ్ ప్రొటెక్షన్" తెరిచి చూసుకోండి, లేకపోతే పెట్టుకోండి. అసలు రిజిస్ట్రీ ఊడ్చే ప్రోగ్రాములను తాము సమర్థించబోమని మైక్రోసాఫ్టువారే రాసిపెట్టారు. స్థలం చాలకపోతే సెట్టింగ్స్‌లో స్టోరేజ్ దగ్గర తాత్కాలిక ఫైళ్లు తీసేయండి, చాలు.

అరగంటకు కంప్యూటరు లేచింది. ప్రింటరు కనిపించింది. వెనకటి తేదీకి పోయాం గనుక ఆ శుభ్రం చేసే ప్రోగ్రాము కూడా మాయమయింది. సారు మొదటి పాట మీద నొక్కారు. గది అంతా ఆమె గొంతు వినిపించింది. సారు కళ్లద్దాలు తీసి, తుడవడం మొదలుపెట్టారు.

నేను చడీచప్పుడు లేకుండా గుమ్మందాకా వచ్చి, మళ్లీ వెనుదిరిగి ఒక్కమాట చెప్పాను: "సార్, రిస్టోర్ పాయింటు పాటల్ని దాచదు. ఆ పెన్‌డ్రైవు కాక ఇంకో నకలు మీ అమ్మాయికి ఇవ్వండి."

మీకూ అదే చెబుతున్నాను.