పునర్వసులో ఆరుగురు

మండవల్లి రైతుకి పునర్వసు అనగానే గుర్తొచ్చేది కార్తె. జులైలో నారుమళ్ల హడావుడి. విచిత్రమేంటంటే, ఆ కార్తెలో పునర్వసు నక్షత్రం కనిపించదు. అప్పుడు సూర్యుడు ఆ చుక్కల దగ్గరే ఉంటాడు మరి! చూడాలంటే ఫిబ్రవరి దాకా ఆగాలి. రాత్రి పదిగంటలప్పుడు దీపాలకు దూరంగా చెరువుగట్టు మీద నిలబడి తలెత్తితే, దాదాపు నడినెత్తిన రెండు చుక్కలు పక్కపక్కన మెరుస్తుంటాయి. వాటిలో ఉత్తరం వైపున్నది, వెలుగు కాస్త తక్కువగా ఉన్నది క్యాస్టర్. మన కంటికి ఒక్కటే. నిజానికి అక్కడున్నవి ఆరు నక్షత్రాలు!

టెలిస్కోపుతో చూస్తే ఆ చుక్క రెండుగా విడిపోతుంది. ఆ రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయని 1803లో విలియం హెర్షెల్ తేల్చాడు. ఆ రెండింట్లో ఒక్కోటీ మళ్లీ ఓ జంటేనని తర్వాత తెలిసింది. వాటికి ఎడంగా మసగ్గా మూడో జంట ఉంది. రెండూ ఎర్రని మరుగుజ్జు నక్షత్రాలే. ఇవి 20 గంటల్లోపే ఒక చుట్టు తిరిగేస్తాయి. చుట్టుకి రెండుసార్లు ఒకదానికొకటి అడ్డొస్తాయి.

రాత్రిపూట కొల్లేట్లో దూరంగా రెండు దోనెలు, వాటి మీద లాంతర్లు ఉన్నాయనుకోండి. ఒడ్డునున్నవాళ్లకి రెండూ కలిసి ఒకే వెలుగులా కనిపిస్తాయి. ఒకటి రెండోదాని ముందుకొస్తే ఆ వెలుగు కాసేపు తగ్గుతుంది. ఆకాశంలో జరిగేదీ అదే. అందుకే వీటిని గ్రహణ జంట నక్షత్రాలంటారు.

మరి ఆ జంటకి తోడుగా కంటికందని మూడో నక్షత్రముంటే? గ్రహణం పట్టే వేళే దాన్ని పట్టిస్తుంది. మూడోదానితో కలిసి తిరుగుతూ జంట మనవైపు జరిగితే, దాని వెలుగు తొందరగా చేరుతుంది. గ్రహణం లెక్కకన్నా ముందే కనిపిస్తుంది. అవతలికి జరిగితే ఆలస్యమవుతుంది. తేడా నిమిషాల్లోనే, కొన్నిసార్లు సెకన్లలోనే. అది బయటపడాలంటే ఏళ్లతరబడి గ్రహణవేళలు రాసిపెట్టాలి.

అలాంటి ఓపికైన పని మన దగ్గరా జరిగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1968లో హైదరాబాద్‌కి దూరంగా జపాల్‌-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు ఏర్పాటుచేసింది. కె.డి. అభ్యంకర్ లాంటి శాస్త్రవేత్తలు గ్రహణ జంటల మీద పరిశోధన సాగించారు. వాటి వెలుగు హెచ్చుతగ్గుల్ని రాత్రుళ్లు మేలుకుని కొలిచారు.

ఇప్పుడా పని ఉపగ్రహాలూ చేస్తున్నాయి. నాసా 2018లో పంపిన టెస్ అందించిన సమాచారంతో 2021లో ఓ వింత కుటుంబం వెలుగుచూసింది. దూరం దాదాపు 1,900 కాంతి సంవత్సరాలు. అందులోనూ ఆరు నక్షత్రాలే. కానీ మూడు జంటల్లోనూ గ్రహణాలే!

అయితే టెస్ ఆకాశంలో ఒక్కో భాగాన్ని విడతకి 27 రోజుల పాటే చూస్తుంది. పదేళ్లకో, ఇరవయ్యేళ్లకో ఒక చుట్టు తిరిగే తోడు నక్షత్రం సంగతి తేలాలంటే పాత గ్రహణవేళలు కావాల్సిందే. దాటిపోయిన గ్రహణాన్ని ఎంత పెద్ద టెలిస్కోపూ వెనక్కి తేలేదు. ఆ రాత్రి ఎవరో మేలుకుని రాసిపెట్టిన అంకె ఒక్కటే దానికి సాక్ష్యం.