లెక్కల్లో ముందున్న మన పిల్లను ఆపుతున్నదెవరు?

సంగారెడ్డి పక్కన కందిలో ఐఐటీ ఉంది. ఆ ఐఐటీ 2008లో మొదలైంది. పటాన్‌చెరు, రామచంద్రాపురం రోడ్ల పొంటి ‘ఐఐటీ ఫౌండేషన్’ బోర్డులున్నయి. పైసలున్నోళ్ల పిల్లలకు ఆరో తరగతి నుంచే పై తరగతి లెక్కలు నేర్పుతున్నరు. పైసలతో కొన్న ఆ చదువుకే ‘ప్రతిభ’ అని పేరు. రేపు మనం రిజర్వేషన్ అడిగితే అదే ప్రతిభను మన మొహాన కొడతరు.

మరి మన వాడల్లో చురుకైన పిల్లలు లేరా? పాశమైలారం, బొల్లారం కంపెనీల్లో కాంట్రాక్టు కూలికి పోయే అమ్మానాన్నల పిల్లలు కిరాణా ఉద్దెర, చిట్టీ వాయిదా నోటితోనే లెక్కగడతరు. అట్లాంటి పిల్ల బడిలో ఏం చేస్తున్నది? వచ్చిన కూడికలే మళ్లీ రాస్తున్నది. పలక నింపి, తుడిచి, మళ్లీ నింపుతున్నది. చివరికి బడి మీద మనసు విరిగితే ‘అల్లరి పిల్ల’ అంటరు.

వెనకబడ్డ పిల్లల కోసం 2022లో సర్కారు ‘తొలిమెట్టు’ పెట్టింది. మంచిదే, కావాల్సిందే. మరి తొలిమెట్టు దాటిన పిల్లకు మలిమెట్టు ఏది?

గురుకులాలున్నయి కదా అంటరు. నిజమే. గౌలిదొడ్డి సాంఘిక సంక్షేమ గురుకులం పిల్లలు ఐఐటీ, మెడిసిన్ సీట్లు కొట్టి ప్రతిభ ఎవని అబ్బ సొత్తూ కాదని చూపించిన్రు. కానీ గురుకులం తలుపు అయిదో తరగతికి తెరుచుకుంటది. వర్గల్ నవోదయ తలుపు ఆరో తరగతికి, అదీ ఏటా 80 మందికే. రెండింటికీ పరీక్ష ఉంది. నవోదయ పరీక్షలో 100కు 25 మార్కులు అంకగణితానివే. అక్కడిదాకా పిల్లను చేర్చాల్సింది ఊరి ప్రైమరీ బడే.

మనం అడిగేది ఖర్చు లేని పని. బడిలో అన్ని తరగతులకు లెక్కల గంట ఒకటే సమయంలో పెట్టాలె. ఆ గంటలో వయసును చూడకుండ, వచ్చిన లెక్కను బట్టి పిల్లల్ని కూర్చోబెట్టాలె. రెండో తరగతి పిల్లకు భాగహారం వస్తే నాలుగో తరగతిల కూర్చుంటది. మిగతా గంటలు తన తోటోళ్లతోనే. ఒక్క సారే అయిదు తరగతులు చూసే బడిలో అందరూ ఎట్లాగూ ఒక్క గదిలోనే ఉంటరు. అట్లని ఒక్క సారుతో సరిపెట్టుకోమని కాదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది దాకా పిల్లలున్న బడికి ఇద్దరు టీచర్లుండాలె. అది మన హక్కు.

ఒక హెచ్చరిక. పది మందిలో ఒకణ్ణి ఏరుకొని తొమ్మిది మందిని వదిలేసేది మనువు చదువు. అది మనకొద్దు. ముందున్న పిల్ల తోటోళ్లకు చెప్పొచ్చు గానీ, ఆమెను జీతం లేని టీచరును చేయొద్దు.

లెక్కలు సీట్ల కోసమే కాదు. వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు కూలి ఇయ్యాలన్నది చట్టం. రోజుకు 12 గంటల చొప్పున ఆరు రోజులు చేస్తే 72 గంటలు. పైబడ్డ 24 గంటలకు 48 గంటల కూలి. మొత్తం 96 గంటల కూలి రావాలె. చేతిలో ఎన్ని గంటల కూలి పడుతున్నది? ఈ లెక్క చేసే బిడ్డ ఇంట్ల ఉంటే కాంట్రాక్టరు నోటిలెక్క చెల్లదు.

భాగ్యరెడ్డి వర్మ సర్కారు కోసం ఎదురుచూడకుండనే హైదరాబాద్‌లో మన పిల్లలకు బడులు పెట్టిండు. మనం కనీసం ఉన్న బడిని అడుగుదాం. కార్యకర్తలారా! ఈ పక్షం మీ ఊరి బడికి పోండి. తల్లుల్ని వెంటబెట్టుకొని పోండి. లెక్కల గంట మార్చమని హెడ్మాస్టరుకు కాగితం రాసియ్యండి, రసీదు తీసుకోండి.

జై భీమ్!