పితరుల స్వాస్థ్యము



భూదాన్ పోచంపల్లి మనకు దూరం కాదు. ఆ పేరు వినగానే చీరలు జ్ఞాపకం వస్తాయి. అక్కడి నేతగాండ్లు నూలును మగ్గమెక్కించక ముందే చిటికి కట్టి రంగులద్దుతారు. నేసేకొద్దీ ఆ రంగులే బట్టపై పూలుగా బయటపడతాయి. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఆ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంచింది.

అయితే 'భూదాన్' అనే పేరు మగ్గం వలన రాలేదు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అక్కడికి వచ్చినప్పుడు, భూమిలేని దళిత కుటుంబాలవారు బ్రతుకుదెరువుకు 80 ఎకరాలు కావాలన్నారు. ఊరివారిలో ఎవరైనా ఇవ్వగలరా అని ఆయన అడుగగా, వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. అడిగినదానికంటె ఎక్కువ!

నేడు మన ఇబ్రహీంపట్నం చుట్టూ చేలు ప్లాట్లవుతున్నాయి. భూమి ధర పెరిగింది, ప్రేమ తరిగింది. ఆదివారం ప్రభువు బల్లలో కలిసి పాలుపొందే అన్నదమ్ములు సోమవారం పొలంగట్టు మీద పలుకరించుకోరు. తోడబుట్టిన ఆడబిడ్డను సంతకానికి పిలుస్తారు గాని భాగానికి పిలువరు.

అబ్రాహాము పెద్దవాడైయుండియు, ముందుగా కోరుకొనే హక్కును లోతుకు విడిచిపెట్టాడు (ఆది. 13). అందువలన అతడు నష్టపోలేదు. దేవుడే అతనికి దేశమంతటిని వాగ్దానం చేశాడు.

తల్లిదండ్రులారా, మన ఇంటి జగడం మన పిల్లల నూలుకు పట్టే రంగు. ఈ వారమే గట్టు దాటి వెళ్లి సహోదరుని పలుకరించండి. ఆడబిడ్డ భాగం ఆమెకివ్వండి. అట్టి మనస్సు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.