ప్రోగ్రామింగు విద్యలో కృత్రిమ మేధపై విద్యార్థుల నమ్మకం

కంప్యూటరు ప్రోగ్రామింగు నేర్చుకొనే విద్యార్థులు చాట్‌జీపీటీ, జెమినై, గిట్‌హబ్ కోపైలట్ వంటి కృత్రిమ మేధ సాధనాలు ఇచ్చే కోడును, వివరణలను ఎంతవరకు సరైనవిగా స్వీకరిస్తున్నారనేది నేటి విద్యారంగంలో ముఖ్యమైన చర్చనీయాంశము. తెలంగాణలోని కామారెడ్డి, ఎల్లారెడ్డి వంటి పట్టణాలలో తెలుగు మాధ్యమం నుండి వచ్చి డిగ్రీలో కంప్యూటర్సు చదివే విద్యార్థుల విషయంలో దీనికి మరింత ప్రాధాన్యత ఉన్నది.

నేపథ్యం

గిట్‌హబ్ కోపైలట్ 2021 జూన్‌లో ప్రయోగాత్మకంగా విడుదలైనది. చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న వెలువడినది. వారంలోపే, ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల వేదిక అయిన స్టాక్ ఓవర్‌ఫ్లో ఆ సాధనం రాసిన జవాబులను నిషేధించినది. అవి చూడటానికి సరైనవిగా కనిపిస్తూనే తరచు తప్పుగా ఉండటమే ఇందుకు చెప్పిన కారణము.

భారతదేశంలో 2025లో ఖర్చు అనే అడ్డంకి కూడా చాలావరకు తొలగినది. గూగుల్ సంస్థ కళాశాల విద్యార్థులకు జెమినై ప్రోను, ఓపెన్‌ఏఐ సంస్థ నవంబరు 4 నుండి చాట్‌జీపీటీ గోను ఏడాదిపాటు ఉచితంగా ఇవ్వజూపాయి.

నమ్మకానికి కారణాలు

కామారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న నిజామాబాదు జిల్లా నుండి ఏర్పడినది. ఇక్కడి డిగ్రీ కళాశాలలు 2006లో స్థాపించబడిన తెలంగాణ విశ్వవిద్యాలయం పరిధిలోనివి. ఇంటర్మీడియట్ వరకు తెలుగులో చదివినవారికి ప్రోగ్రామింగు పుస్తకాలు, కంపైలరు చూపే దోష సందేశాలు అన్నీ ఆంగ్లంలోనే ఎదురవుతాయి. అదే సందేశాన్ని సెల్‌ఫోనులో అతికించి అడిగితే సాధనం తెలుగులో వివరిస్తుంది. ఎన్నిసార్లు అడిగినా విసుగుకొనదు, నలుగురిలో అడగడానికి జంకే విద్యార్థికి బిడియమూ ఉండదు. ఈ ప్రయోజనము నిజమైనదే.

నమ్మకంలోని చిక్కు

ఈ సాధనాలు తెలిసిన విషయాన్నీ తెలియని విషయాన్నీ ఒకే ధీమాతో చెప్పగలవు. జవాబును పరీక్షించే శక్తి లేని ఆరంభ విద్యార్థే ఆ ధీమాను ఎక్కువగా నమ్మే ప్రమాదమున్నది. ఉదాహరణకు 7ను 2తో భాగిస్తే 3.5 రావాలి. సి భాషలో రెండు సంఖ్యలనూ పూర్ణాంకాలుగా తీసుకుంటే 3 మాత్రమే వస్తుంది. ఇటువంటి పొరపాటున్న సగటు మార్కుల ప్రోగ్రాము ఏ దోషమూ చూపకుండా నడుస్తుంది, ఫలితం మాత్రం తప్పు. పూర్ణాంక భాగహారం తెలిసినవారే దానిని పట్టుకోగలరు.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో వెలువరించిన అధ్యయనంలో, కృత్రిమ మేధ సహాయంతో కోడు రాసినవారు భద్రత తక్కువైన కోడు రాశారు. అయినా తమ కోడు భద్రమైనదని నమ్మినవారు వారిలోనే ఎక్కువ. మరోవైపు అనుభవజ్ఞులలో సందేహం పెరుగుతున్నది. స్టాక్ ఓవర్‌ఫ్లో 2025 సర్వేలో 84 శాతం మంది ఈ సాధనాలను వాడుతున్నామని లేదా వాడదలచామని చెప్పగా, వాటి ఖచ్చితత్వాన్ని నమ్మనివారు 46 శాతం, నమ్మినవారు 33 శాతం.

జవాబు సరైనదే అయినా విద్యార్థి నేర్చుకున్నాడని చెప్పలేము. టర్కీలో సుమారు వెయ్యిమంది ఉన్నత పాఠశాల విద్యార్థులపై గణితంలో జరిపిన అధ్యయనం 2025లో ప్రచురితమైనది. మామూలు చాట్‌బాట్ వాడినవారు అభ్యాసంలో 48 శాతం మెరుగయ్యారు. అది లేకుండా రాసిన పరీక్షలో, ఎన్నడూ వాడనివారికంటే 17 శాతం వెనుకబడ్డారు. జవాబుకు బదులు సూచనలు మాత్రమే ఇచ్చే విధంగా మార్చినపుడు ఈ నష్టం చాలావరకు తగ్గినది.

తరగతి గదిలో

పై ఫలితాలనుబట్టి నిషేధంకంటే, సరిచూసే అలవాటే మేలని తోస్తుంది. అందుకు కొన్ని పద్ధతులు:

* సాధనాన్ని అడిగే ముందు అల్గారిథమ్‌ను కాగితంపై రాసుకోవడం.
* పూర్తి ప్రోగ్రామును కాక, సూచనను గాని దోష సందేశపు అర్థాన్ని గాని అడగడం.
* కోడును నడిపే ముందే ఫలితాన్ని ఊహించి రాయడం. సున్న, రుణసంఖ్య వంటి విలువలతో పరీక్షించడం.
* ప్రతి పంక్తినీ తోటి విద్యార్థికి తెలుగులో వివరించడం. వివరించలేని పంక్తిని రికార్డులో రాయకపోవడం.

ప్రయోగశాల పరీక్షలోను, హైదరాబాదులో ఉద్యోగపు ఇంటర్వ్యూలోను విద్యార్థి తన కోడును తానే వివరించవలసి ఉంటుంది. తెలుగులో అందిన వివరణ అందుకు సాయపడేది, దానిని అతడు సరిచూసుకొని అర్థం చేసుకున్నపుడే.

ఇవి కూడా చూడండి

* సి ప్రోగ్రామింగు భాష
* కృత్రిమ మేధ
* కామారెడ్డి జిల్లా